మూడో అంతస్తులో పెద్దాయన గడ్డం

ఆసుపత్రిలో ఆడవాళ్ళని సిస్టర్ అంటారు, మగవాళ్ళని బ్రదర్ అంటారు. పదకొండేళ్ళుగా నేను బ్రదర్ని. మాది భీమవరం అవతల చిన్న పల్లె. అమ్మా నాన్నా పొలం కూలికి వెళ్ళి నన్ను చదివించారు. నర్సింగులో చేరతానంటే మా వీధిలో మగవాళ్ళు నవ్వారు గానీ అమ్మ నవ్వలేదు. "జబ్బు మనిషిని చూసుకునే పనే కదా, అందులో సిగ్గేంటి?" అంది. ఇప్పటికీ ఎవరైనా అడిగితే మాత్రం "మావాడు రాజమండ్రిలో పెద్ద డాక్టర్ల పక్కన ఉంటాడండి" అని చెబుతుంది.

రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరగానే నన్ను ఐసీయూలో వేశారు. ఐదేళ్ళు అక్కడే చేశాను. ఆ పని నాకు ఇష్టమే. మెషిన్ మోగగానే ఎటు పరిగెత్తాలో, దేనికి చెయ్యి చాపాలో నా ఒంటికే తెలిసిపోయేది. ఆరో ఏడు ఒక వారంలో నా డ్యూటీలోనే నలుగురు పోయారు. అందులో ఒకావిడకి నా భార్య వయసే. ఆవిడ మంచం ఖాళీ అయిన అరగంటకి దాని మీద ఇంకొకరు ఉన్నారు. ఏడవడానికి టైమెక్కడిది? చేతులు కడుక్కుని కొత్త ఫైలు తెరిచాను.

ఆ తరవాత అన్నం సహించడం మానేసింది. ఇంట్లో మా పాప స్పూను కింద పడేస్తే ఉలిక్కిపడి అరిచాను. పాప బిక్కమొహం వేసుకుని వాళ్ళమ్మ వెనక్కి వెళ్ళిపోయింది. నా భార్య, "డ్యూటీ నుంచి మనిషి వస్తున్నాడు గానీ మీరు రావట్లేదండి" అంది.

ఇది జరిగిన మూడో రోజున రెండో మంచం వాళ్ళకివ్వాల్సిన ఇంజెక్షను పట్టుకుని ఐదో మంచం దగ్గర నిలబడ్డాను. పక్కనున్న సిస్టర్ నా మణికట్టు పట్టుకుని ఆపింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సిస్టర్ ఎవరికీ చెప్పలేదు కూడా. నేనే వెళ్ళి హెడ్ సిస్టర్ గారికి చెప్పాను. చెప్పి, రాసి పెట్టుకున్న రాజీనామా కాగితం చేతికిచ్చాను.

హెడ్ సిస్టర్ గారిది నరసాపురం దగ్గర లూథరన్ క్రైస్తవ కుటుంబం. పొట్టి మనిషి, దళసరి కళ్ళద్దాలు. ముప్ఫై ఏళ్ళకి పైగా నిలబడి నిలబడి కాళ్ళల్లో నరాలు ఉబ్బిపోతే బిగుతు మేజోళ్ళు వేసుకుని తిరిగేవారు. ఆవిడ గొంతు లిఫ్టు దగ్గర వినిపిస్తే వార్డు చివరున్న సిస్టర్లు దుప్పట్లు సర్దేసేవారు. నా కాగితం నిలబడే చదివి, మడిచి కోటు జేబులో పెట్టుకున్నారు.

"నెల రోజులు నోటీసు చెయ్యాలి, తెలుసుగా?"

"ఆయ్, తెలుసండి."

"ఆ నెలా మూడో అంతస్తులో చెయ్యి."

మూడో అంతస్తులో ఆరు మంచాల వార్డు ఉంది. ఇక వైద్యం పనిచేయదని డాక్టర్లు తేల్చేసినవాళ్ళని అక్కడ ఉంచుతారు. "మేడమ్, నేను పారిపోతున్నదే దానికండి. మీరు దాని దగ్గరికే పంపుతున్నారు" అన్నాను.

"కింద నీకు మనుషుల్ని చూసే తీరికేది నాన్నా? మెషిన్లని చూశావు. పైన ఎవర్నీ బతికించక్కర్లేదు. నొప్పి లేకుండా, కాస్త సుఖంగా ఉన్నారో లేదో చూడు. అంతే." రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. "ఇంకోటి. ఒంటిగంటకి తినాలి. ఆకలి లేదంటే నా ఎదురుగా కూర్చోబెట్టి తినిపిస్తాను. పెద్దవాడివని చూడను."

మూడో అంతస్తు మూలగదిలో ఒక పెద్దాయన ఉండేవారు. భీమవరం చుట్టుపక్కల పేరున్న రైతు. వరి పొలాలు, రొయ్యల చెరువులు అన్నీ ఉన్న మనిషి. కడుపులో క్యాన్సరు వెన్నులోకి పాకింది. భార్య పోయి చాలా కాలమైంది. స్కూల్లో టీచరుగా పనిచేసే కూతురు సెలవు పెట్టి దగ్గరుండేది. నేను లోపలికి వెళ్ళేసరికి ఆయన ముక్కు మీదివరకూ తువ్వాలు కప్పుకుని పడుకుని ఉన్నారు.

"నమస్కారం..." అన్నాక తరవాతి మాట నా నాలుక మీదికి 'అయ్యగారూ' అని వచ్చింది. అది ఆసాముల్ని మా అమ్మ పిలిచే మాట. మింగేసి "సార్" అన్నాను.

"ఎవరు నువ్వు?"

"బ్రదర్నండి. ఇవాళ్టి నుంచి ఈ వార్డులో వేశారు. ఒకసారి పక్కకి తిప్పి వీపు చూస్తానండి."

"నన్నెవరూ తిప్పక్కర్లేదు. నేనే తిరుగుతాను. వెళ్ళు."

తిరగలేరని ఇద్దరికీ తెలుసు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఆయన మంచం పట్టీ పట్టుకుని తిరగబోయి, సగంలో ఆగిపోయి, పళ్ళు బిగించారు. అప్పుడు వెళ్ళి నడుం కింద చెయ్యి పెట్టాను. వద్దనలేదు. తువ్వాలు మాత్రం మొహం మీంచి జారకుండా గట్టిగా పట్టుకున్నారు.

ఆయనకి నాలుగు గంటలకొకసారి నొప్పి మాత్ర వెయ్యమని డాక్టరుగారు రాశారు. ఆయన వేసుకునేవారు కాదు. "నొప్పి వస్తే నేనే అడుగుతాను" అనేవారు. అడిగేసరికి నొప్పి చెయ్యి దాటిపోయేది. అప్పుడు మాత్ర వేసినా గంటసేపు గోడవైపు తిరిగి మూలిగేవారు. ఆ గంటా కూతురు వరండాలోకి వెళ్ళి నిలబడేది.

మూడో రోజున ఆయన స్నేహితుడు భీమవరం నుంచి బస్సులో వచ్చారు. నలభై ఏళ్ళుగా చెరువులు కలిసి చేసినవాళ్ళట. పెద్దాయన కూతురుతో "నిద్రపోతున్నానని చెప్పు" అన్నారు. ఆ స్నేహితుడు వరండాలో కుర్చీలో ముప్పావుగంట కూర్చుని, కమలాపళ్ళ సంచీ కూతురు చేతికిచ్చి వెళ్ళిపోయారు. ఆవిడ నా దగ్గరికి వచ్చి ఏడ్చింది.

"ఎవర్నీ దగ్గరికి రానివ్వట్లేదు బ్రదర్. మా బాబాయిలొచ్చినా అంతే. అందరిమీదా కోపమేనండి నాన్నగారికి. ఏం చేశామని?"

నాకది కోపంలా కనిపించలేదు. ఎవరైనా వస్తున్నారంటే తువ్వాలు పైకి లాక్కుంటారు. ఎవరూ చూడట్లేదనుకున్నప్పుడు ఒక చేత్తో చెంప రుద్దుకుంటూ ఉంటారు. "ఇంటి దగ్గర సారు గడ్డం రోజూ గీసుకునేవారాండీ?" అని అడిగాను.

"ఆయన గీసుకోవడమేంటండి! పొద్దున్నే ఆరింటికల్లా మంగలి ఇంటికి వచ్చేవాడు. వాన పడుతున్నా గొడుగేసుకుని వచ్చేవాడు. నున్నగా గీయించుకుంటే గానీ వీధిలోకి వచ్చేవారు కాదు." ఆవిడ ఫోను తీసి ఫొటో చూపించింది. తెల్లచొక్కా, నున్నగా గీసిన చెంపలు, చెరువు గట్టు మీద నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు. మా దగ్గరికి వచ్చి పన్నెండు రోజులైంది. పన్నెండు రోజుల తెల్ల గడ్డం ఆ తువ్వాలు కింద ఉంది.

రక్తం గడ్డకట్టడంలో తేడా లేదు కదా అని రక్త పరీక్షల రిపోర్టు చూశాను. కత్తి పెట్టొచ్చా అని డాక్టరుగారిని అడిగాను. పెట్టొచ్చన్నారు. మర్నాడు పొద్దున ఏడున్నరకి గిన్నెలో వేడినీళ్ళు, సబ్బు, బ్రష్షు, కొత్త రేజరు పట్టుకుని వెళ్ళాను.

"గడ్డం గీయమంటారాండీ?"

తువ్వాలు లోపలినుంచి గొంతు వినిపించింది. "నీకు వచ్చా?"

"మా నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు రెండేళ్ళు నేనే గీశానండి."

"మీ నాన్న ఏమన్నా అనేవాడా?"

"మాట పడిపోయిందండి. ఏమీ అనలేదు."

ఆయన గొంతులో ఒక చిన్న చప్పుడు వచ్చింది. అది నవ్వు అని తరవాత అర్థమైంది. తువ్వాలు తీసి పక్కన పెట్టారు.

గోరువెచ్చటి గుడ్డ చెంపల మీద కాసేపు ఉంచాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. నురగ పూస్తుంటే, "గుండ్రంగా తిప్పు. గోడకి సున్నం వేస్తున్నావా?" అన్నారు. కుడి దవడ దగ్గర చిన్న గాటు పడింది. "నాలుగు దశాబ్దాల్లో నా మంగలి ఒక్క చుక్క రక్తం చూపించలేదు" అన్నారు గానీ తల మాత్రం కదపలేదు. అంతా అయ్యాక కూతురు సంచీలోంచి పటిక ముక్క తీసింది. ఇంటి నుంచి తెచ్చి ఎందుకు దాచిందో ఆవిడకే తెలియాలి. దాన్ని తడిపి రాస్తే ఆయన అరచేత్తో రెండు చెంపలూ తడుముకున్నారు.

"అమ్మాయ్," అన్నారు, "వాడికి ఫోన్ చెయ్యి. మొన్న కమలాలు తెచ్చాడే, వాడికి. రమ్మను."

మర్నాడు ఆ స్నేహితుడు వచ్చారు. ఇద్దరూ గంటన్నర రొయ్యల రేటు గురించి, వాటికొచ్చే తెల్లమచ్చ జబ్బు గురించి, మేత కంపెనీవాళ్ళ అబద్ధాల గురించి తిట్టుకుంటూ మాట్లాడుకున్నారు. వరండాలో కూతురు గోడకి ఆనుకుని, ఆ తిట్లు విని నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

అక్కణ్ణుంచి రోజూ ఏడున్నరకి గడ్డం. ఎక్కువ మాటలు అప్పుడే. ఒకరోజు గీస్తుండగా దవడ బిగుసుకుపోయింది. రేజరు తీసేసి ఆగాను.

"నొప్పా సార్? పదికి ఎన్నో చెప్పండి."

"నాకు మార్కులు వేస్తావా? నువ్వు గియ్యి."

"మాత్ర వేసుకుంటే బాగుండేదండి."

"ఇప్పుడే మింగేస్తే రేపు ఎక్కువైనప్పుడు ఏం పనిచేస్తుంది? ఆఖరికి ఉంచుకోవాలి." అప్పుడు తెలిసింది ఆయన భయమేంటో. మొండితనం కాదు. మందుని దాచుకుంటున్నారు.

నాకు చదువుకున్న పాఠం చెప్పబుద్ధి కాలేదు. "సార్, మీ చెరువులో ఏరేటర్లు ఎప్పుడు వేస్తారండి?" అని అడిగాను.

"తెల్లవారకముందే. అప్పుడే కదా నీళ్ళల్లో గాలి తగ్గేది."

"రొయ్య పైకి తేలాక వేస్తే?"

"తేలాక వేస్తే ఏముంటుంది, నీ మొహం! సగం పోతుంది. తేలకముందే..." అని ఆగారు. నురగ సగం ఆరిపోయిన మొహంతో నావైపు చూశారు. "ఎవరయ్యా నీకు నేర్పింది?"

"మీవైపు వాణ్ణేనండి. మందూ అంతేనండి. నొప్పి తేలకముందే వెయ్యాలి. ముందు వేసుకుంటే తరవాత పనిచెయ్యదని లేదు. ఎక్కువైతే డాక్టరుగారు మోతాదు పెంచుతారు."

ఆయన కాసేపు కిటికీ వైపు చూశారు. "ఏదీ, పట్రా" అన్నారు.

రెండు రోజుల్లో మనిషి మారిపోయారు. అంటే జబ్బు తగ్గిందని కాదు. నిద్రపోయారు. ఇడ్లీ ముక్క అల్లంపచ్చడితో అడిగి తిన్నారు. వరండాలోకి వెళ్ళి నిలబడాల్సిన పని కూతురికి తప్పింది. హెడ్ సిస్టర్ గారు రౌండ్సుకి వచ్చి ఆయన వీపు చూసి, ఎక్కడా పడక పుండు లేదని తలాడించి, నావైపు చూడకుండానే "స్టూలు ఒకటి తెచ్చుకుని కూర్చో. గడ్డం గీసేవాడు వంగి నిలబడితే రిటైరయ్యేసరికి నడుం ఉండదు" అన్నారు. రోగి గదిలో సిబ్బంది కూర్చోకూడదని మా ఆసుపత్రిలో రూలు. ఆవిడే వెళ్ళి స్టూలు తెచ్చారు.

ఆ స్టూలు మీద కూర్చునుండగా ఒకరోజు ఆయన అడిగారు. "మావైపన్నావు. మీవాళ్ళు ఏం చేసేవారు?"

"కూలికి వెళ్ళేవారండి. ఊడ్పులు, కోతలు. చెరువులొచ్చాక అమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీసేది."

"మా చెరువులకీ వచ్చి ఉండొచ్చు."

"ఉండొచ్చండి."

నేను మెడ కింద గీస్తున్నాను. ఆ చోట కత్తి ఉన్నప్పుడు ఎవరూ మాట్లాడరు. అది పూర్తయ్యాక ఆయన "మధ్యాహ్నం నువ్వు ఎక్కడ తింటావు?" అన్నారు.

ఉన్నమాట చెప్పాను. మా విశ్రాంతి గదిలో విరిగిన మంచాలు, సెలైన్ స్టాండ్లు నింపి తాళం వేశారని, దుప్పట్లు పెట్టే గదిలో అరల మధ్య నిలబడి తింటామని, హెడ్ సిస్టర్ గారు కూడా అక్కడే తింటారని. ఫిర్యాదుగా చెప్పలేదు. ఏళ్ళ తరబడి అలవాటైపోయి, అది ఫిర్యాదు చెయ్యాల్సిన విషయమని నేనే మర్చిపోయాను.

ఆ సాయంత్రం ఆసుపత్రి మేనేజరుగారు పలకరించడానికి వచ్చారు. నేను సెలైన్ మారుస్తున్నాను.

"ఏం బాబూ," అన్నారు పెద్దాయన, "నా చెరువు కాపలావాళ్ళకి పాక వేయించాను. నులకమంచం వేయించాను. నీ ఆసుపత్రిలో సిస్టర్లు బొంతల మధ్య నిలబడి అన్నం తింటున్నారంట?"

మేనేజరుగారు నావైపు చూశారు. నేను సెలైన్ సీసా వైపు చూశాను.

"చూస్తామండి, వచ్చే నెలలో..."

"వచ్చే నెలకి నేను ఉండను. రేపు ఆ గదిలో ఈ అబ్బాయి కూర్చుని తిన్నాడని అమ్మాయి నాకు చెప్పాలి."

మర్నాడు పదకొండింటికల్లా గది ఖాళీ అయింది. ఒక బల్ల, ఆరు కుర్చీలు, కాళ్ళు చాపుకోవడానికి ఒక దివాను. హెడ్ సిస్టర్ గారు గుమ్మంలో నిలబడి గదంతా చూశారు. ఆవిడ మొహంలో సంతోషం ఉంది, ఇంకేదో కూడా ఉంది.

"రెండేళ్ళుగా ఉత్తరాలు రాస్తున్నాను. నా కాగితానికి రాని తాళంచెవి ఆయన ఒక్క తిట్టుకి వచ్చింది" అన్నారు. తరవాత మేజోళ్ళు కిందికి లాగి, దివాను మీద కాళ్ళు చాపుకుని "సరేలే, ఎలాగైతేనేం, వచ్చింది" అని కళ్ళు మూసుకున్నారు. ఆవిడ కాళ్ళు అంత వాచి ఉంటాయని అంతవరకూ మాకెవరికీ తెలియదు. నాకు ఆ గది దొరికిన తీరు ఇప్పటికీ పూర్తిగా నచ్చదు. మా అమ్మ ఎండలో గట్టు మీద కూర్చుని తిన్న రోజుల్లో పెద్దాయన లాంటివాళ్ళ నోరు ఎవరి కోసమూ లేవలేదు. కానీ ఆ మధ్యాహ్నం కూర్చుని తిన్న చిక్కుడుకాయ కూర రుచి మాత్రం గుర్తుంది. చాలా నెలల తరవాత నా నోటికి తెలిసిన రుచి అది.

నెల పూర్తవుతుందనగా ఆయనకి తెలివి తగ్గడం మొదలైంది. అడిగితే కళ్ళు తెరిచేవారు, తరవాత అదీ లేదు. కూతురికి నోరు తడపడం నేర్పాను. దూది పుల్ల నీళ్ళల్లో ముంచి చిగుళ్ళకీ నాలుకకీ తుడవడం, పెదాలకి వెన్న రాయడం. ఆవిడ నాకంటే బాగా చేసేది. గడ్డం మాత్రం నేనే గీసేవాణ్ణి.

"ఇప్పుడెందుకు బ్రదర్? ఆయనకి తెలియదు కదా" అందొక రోజు.

"తెలుస్తుందో లేదో నాకూ తెలియదండి. వచ్చేవాళ్ళున్నారు కదా."

ఒక గురువారం పొద్దున పదిన్నరకి, కూతురు ఆయన చెయ్యి పట్టుకుని ఉండగా, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతూ మెల్లగా ఆగిపోయింది. ఏ మెషినూ మోగలేదు. నేను పరిగెత్తలేదు. ఆవిడ నావైపు చూస్తే తలాడించాను. కిటికీ తెర కొంచెం తీసి బయటికి వచ్చాను.

ఆ తరవాత హెడ్ సిస్టర్ గారు వార్డు చూడ్డానికి కింది అంతస్తు నుంచి ఇద్దర్ని పిలిపించి, ఆయన్ని చూసుకున్న మా నలుగుర్నీ విశ్రాంతి గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరికి వేశారు. ఫ్లాస్కులోంచి టీ ఆవిడే పోశారు.

"పది నిమిషాలు. పెద్దాయన గురించి తలా ఒక మాట చెప్పండి. ఏదైనా సరే. తరవాత పని."

ఒక సిస్టర్, ఆయన తనని పేరు పెట్టి పిలవడానికి పదిహేను రోజులు పట్టిందని చెప్పింది. ఇంకో అమ్మాయి, అల్లంపచ్చడి బాగాలేదని క్యాంటీన్ కుర్రవాడికి కబురు పంపిన సంగతి చెప్పి నవ్వించింది. నా వంతు వచ్చింది. "గుండ్రంగా తిప్పమనేవారు..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఏడుపు వచ్చింది. ఆయన కోసమే అనుకున్నాను. కాసేపటికి ఐసీయూలో పోయిన ఆవిడ కోసం కూడా అని తెలిసింది. నా భార్య వయసావిడ. తరవాత ఆ వారంలో పోయిన మిగతా ముగ్గురి కోసమూ. ఎవరూ ఊరుకోమనలేదు. హెడ్ సిస్టర్ గారు నా గ్లాసులో ఇంకాస్త టీ పోశారు. పది నిమిషాలు కాస్తా పాతిక అయింది. ఆవిడ గడియారం చూడలేదు.

బయటికొచ్చాక కోటు జేబులోంచి నా కాగితం తీసి, "నెల అయింది. ఏం చెయ్యమంటావు?" అన్నారు. చింపేయమన్నాను. "నేనెందుకు చింపాలి? నువ్వే చింపుకో" అని చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

ఆ రోజు మధ్యాహ్నం ఇంటికెళ్ళి పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చాలాసేపు బొమ్మలు గీశాను. నా భార్య వంటింట్లోంచి రెండుసార్లు తొంగి చూసింది.

ఐదేళ్ళుగా నేను ఆ మూడో అంతస్తులోనే ఉన్నాను. అన్నీ సవ్యంగా జరుగుతున్నాయని చెప్పను. మనుషులు తక్కువైన రోజుల్లో టీ పది నిమిషాలు దొరకవు. కొత్త మేనేజరు వచ్చాక ఆ గదిలో మళ్ళీ అట్టపెట్టెలు కనిపించాయి. అవి నేనే మోసి ఆయన ఆఫీసు గుమ్మంలో పెట్టి వచ్చాను. ఆ ధైర్యం ఎవరి దగ్గర నేర్చుకున్నానో వార్డులో అందరికీ తెలుసు.

హెడ్ సిస్టర్ గారు పోయిన ఏడు రిటైరయ్యారు. ఆసుపత్రి హాల్లో శాలువా కప్పారు, దండ వేశారు, మైకు చేతికిచ్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆవిడ మైకు పట్టుకుని మా అందరివైపూ ఒకసారి చూశారు. మేము ఏడవడానికి సిద్ధంగా ఉన్నాం.

"మూడో అంతస్తు వాళ్ళంతా ఇక్కడే ఉన్నారు. పైన ఎవరున్నారు?" అన్నారు.

నేనూ ఇంకో సిస్టరూ మెట్లెక్కి పరిగెత్తాం. వెనక హాలంతా నవ్వుతోంది. ఆవిడ మైకులో "మెల్లగా ఎక్కండి, పడతారు" అంటున్నారు.